మాటలన్నీ తెలిసినవే, కవిత మాత్రం అందడం లేదు

గుంటూరు జిల్లా నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. ఉద్యోగ జీవితమంతా ఉన్నత పాఠశాలలో పద్యం చెప్పారు. తిక్కన, పోతన, పెద్దన ఆయనకు కంఠస్థం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక్కగానొక్క కూతురు ఈ మధ్య తన మొదటి కవితా సంపుటి అచ్చు వేయించి తండ్రికే అంకితమిచ్చింది. పుస్తకం అందిన రోజే ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివారు. “ఒక్క మాటకైనా నిఘంటువు తీయవలసిన పని పడలేదు. ఒక్క కవితకైనా తాత్పర్యం చెప్పలేను” అని రాశారు. ఫోను చేసి “బాగుందమ్మా” అన్నారట. “ఏది నచ్చింది నాన్నా?” అని అమ్మాయి అడిగితే, తెరిచిన పేజీలో కనిపించిన శీర్షిక చెప్పారట. ఆమెకు సంగతి తెలిసిపోయింది. అప్పటి నుంచి ఫోనులో మాటలు తగ్గాయి.

వచ్చే నెల ఆవిష్కరణ సభ. నాన్న పది నిమిషాలు మాట్లాడాలని అమ్మాయి కోరిక. కాలేజీలో చెప్పి రిటైరైన స్నేహితుడొకరు ప్రసంగం తాను రాసిస్తానంటున్నారు. వీటన్నిటికంటే మాస్టారికి నిద్ర పట్టనివ్వనిది ఆ పుస్తకంలోని ఒక చిన్న కవిత. దాన్ని ఉత్తరంలో ఎత్తి రాశారు:

అమ్మ చీర ఆరేసిన దండెం
ఇంకా తడి
మధ్యాహ్నం మూడు
తాళంచెవి నాలుక కింద
ఎవరో పిలిచారు
నేను కాదు

ఆయన భార్య చాలా ఏళ్ల కిందట, మధ్యాహ్నం మూడు గంటల వేళ ఇంట్లోనే కన్నుమూశారు. అప్పుడాయన బడిలో ఉన్నారు. అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. పక్కింటివారు బడికి ఫోను చేశారు. “అమ్మాయికి అసలు విషయం చెప్పలేదు, అమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి తీసుకొచ్చాం” అని కూడా రాశారు. ఆయన ప్రశ్నలు ఇవి: “పిలిచింది నన్నేనా? సమయానికి నేను రాలేదని పిల్ల ఇన్నేళ్లూ మనసులో పెట్టుకుందా? ఈ కవిత్వాన్ని నాలాంటివాడు ఎలా చదవాలి? సభలో ఏం మాట్లాడాలి? లేక తప్పుకోవాలా?”

మాస్టారూ, నమస్కారం.

మీ ఉత్తరంలో రెండు బాధలు అల్లుకుపోయి ఉన్నాయి. ఒకటి పాఠకుడిది, ఇంకొకటి తండ్రిది. తండ్రికి భయం వేసినకొద్దీ పాఠకుడికి కవిత మరింత మూసుకుపోతోంది. అందుకే ముందు కవిత్వం సంగతి మాట్లాడుకుందాం. అమ్మాయి సంగతి అందులోంచే తెలిసివస్తుంది.

అర్థం కాకపోవడం గురించి సిగ్గుపడకండి. ఐ.ఎ. రిచర్డ్స్ అనే ఆచార్యుడు కేంబ్రిడ్జిలో తన విద్యార్థులకు కవుల పేర్లు తీసేసి కవితలు ఇచ్చి, తోచింది రాసుకురమ్మన్నాడు. ఆ జవాబులన్నీ పరిశీలించి 1929లో పుస్తకంగా వేశాడు. వారిలో చాలామంది సాహిత్యమే ప్రధానంగా చదువుతున్నవారు. అయినా పాఠకులు పడే ఇబ్బందుల జాబితాలో రిచర్డ్స్ మొట్టమొదట పెట్టింది కవితలోని సాదా వాక్యార్థాన్ని పట్టుకోలేకపోవడం. ధ్వని, అంటే మాట వెనక సూచనగా ఉండే అర్థం వరకూ పోనక్కరలేదు, ఎవరు ఏం చేశారన్న దగ్గరే వారు తడబడ్డారు. ఆ జాబితాలో ఇంకొకటి కూడా ఉంది: చదివేవారి సొంత జ్ఞాపకం కవితలోకి చొరబడి, అక్కడ లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం. ఈ రెండోది గుర్తుంచుకోండి, దాని అవసరం మనకు పడుతుంది.

మీరు పాఠం చెప్పిన ప్రబంధ పద్యం కష్టంగా ఉండేది మాటల వల్ల, సమాసాల వల్ల. నిఘంటువు తీసి, సమాసం విడదీస్తే తాళం ఊడేది. వచన కవితలో ఆ కష్టం లేదు. ఇక్కడ కవి తీసేసింది మాటకూ మాటకూ మధ్య ఉండే జోడింపులను. ‘కాబట్టి’, ‘అందువల్ల’, ‘వలె’ వంటివి ఉండవు. మీరు పిల్లలకు ఉపమాలంకారం ఎన్నిసార్లు చెప్పి ఉంటారు! ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. వాటిలో ఒకటో రెండో లోపిస్తే లుప్తోపమ. ఉపమేయాన్ని పూర్తిగా మింగేసి ఉపమానం ఒక్కటే మిగిలితే రూపకాతిశయోక్తి. మీ అమ్మాయి కవితలో “తాళంచెవి నాలుక కింద” అన్న పాదం సరిగ్గా అదే. ఉపమానం ఒక్కటే కాగితం మీద ఉంది, ఉపమేయాన్ని మనం ఊహించుకోవాలి. ఈ పని మీకు కొత్త కాదు. పద్యంలో అది ఒక చోట మెరుపులా వచ్చి పోతే, ఇక్కడ కవిత మొత్తం దాని మీదే నిలబడింది. అంతే తేడా.

అయితే మీకు అడ్డుపడుతున్నది మీ వృత్తిలో బలపడిన ఒక అలవాటే. తాత్పర్యం. పద్యం కింద ప్రతిపదార్థం, దాని కింద తాత్పర్యం, ఆపైన అలంకారం రాయించి మార్కులు వేశారు. ఆధునిక కవితను తెరవగానే మీ మనసు తాత్పర్యం వెతుకుతోంది, అది దొరకకపోయేసరికి కవితే లేదనుకుంటోంది. నా సలహా ఇది: తాత్పర్యాన్ని పక్కన పెట్టండి, అన్వయాన్ని మాత్రం వదలకండి. క్రియ ఏది, కర్త ఎవరు, ఏ మాట దేనికి విశేషణం? ఈ పని చేయగలిగినవారు ఇప్పుడు తక్కువ. మీకది చేతనైన విద్య.

అన్వయం చేసి చూద్దాం. ఆరు పాదాల్లో జరిగిన పనిని చెప్పే సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, ఒక్కటే ఉంది, ‘పిలిచారు’. చివరి ‘కాదు’ పనిని చెప్పదు, కాదంటుంది అంతే. మిగతా పాదాలకు ముగింపు క్రియే లేదు. అంటే ఆ కవితలో జరిగింది ఒకే ఒక్క పని, మిగిలిందంతా నిలిచిపోయి ఉంది. ‘ఆరేసిన’ భూతకాల విశేషణం, చీర ఎప్పుడో ఆరేశారు. ఇప్పుడు ఉందో లేదో కవిత చెప్పదు. తడిగా ఉన్నది చీర కూడా కాదు, దండెం. మధ్యాహ్నం మూడింటి ఎండలో దండెం తడిగా ఎందుకుంటుంది? ఉండకూడదు. అది ఉండకూడని తడి. ఇక్కడి వరకూ ఊహ కంటే వ్యాకరణమే ఎక్కువ పని చేసింది. అప్పుడే ఆ ఇంటి పెరట్లో ఏదో ఆగిపోయిందని మనకు తెలిసింది.

ఇక చివరి రెండు పాదాలు. తెలుగులో కర్మ చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. “ఎవరో పిలిచారు.” ఎవరిని? లేదు. “నేను కాదు.” ఏది కాదు? పిలిచినది నేను కాదు అని ఒక అన్వయం. పిలుపు అందుకున్నది నేను కాదు అని రెండో అన్వయం. మొదటిదానికి ముందున్న పాదం ఊతమిస్తోంది: నాలుక కింద తాళంచెవి ఉన్నవారు గొంతెత్తి పిలవలేరు. రెండోదానికి పెరటి దృశ్యం ఊతమిస్తోంది: అన్నీ అక్కడ జరుగుతున్నాయి, నేను అక్కడ లేను. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యంలో రామకథ, భారతకథ చెబితే మనం అబ్బురపడతాం, ఏదో ఒకటి తేల్చమని సూరనను నిలదీయం. ఈ చిన్న కవితకూ ఆ మర్యాద ఇవ్వండి. రెండు అన్వయాలూ నిలబడుతున్నాయి, రెండింటినీ ఉండనివ్వండి.

అలా అంటే ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకోవచ్చా అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. బృహదారణ్యకోపనిషత్తులో కథ మీకు తెలిసినదే. ప్రజాపతి ‘ద’ అని ఒక్క అక్షరం పలికాడు. దేవతలు ‘దామ్యత’ (నిగ్రహించుకోండి) అని, మనుషులు ‘దత్త’ (ఇవ్వండి) అని, అసురులు ‘దయధ్వం’ (దయ చూపండి) అని గ్రహించారు. ముగ్గురితోనూ ప్రజాపతి, సరిగా తెలుసుకున్నారు అన్నాడు. ఎవరి లోటును బట్టి వారికి వినిపించింది. కానీ ముగ్గురిలో ఒక్కరు కూడా ‘ద’తో మొదలు కాని మాట వినలేదు చూడండి. కవితలో ఉన్న అక్షరాన్ని వదిలిపెట్టనంత కాలం అర్థాలు ఎన్ని వచ్చినా భయం లేదు.

ఈ కథనే 1922లో ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ తన ‘ది వేస్ట్ లాండ్’ చివర వాడుకున్నాడు. ఆధునిక కవితల్లో కష్టమైనవాటికి పెట్టింది పేరు ఆ కవిత. 434 పాదాలు. పుస్తకంగా వేసినప్పుడు వెనక వివరణలు కూడా చేర్చాడు. వాటి వెంట పడి చాలామంది దారి తప్పారని తర్వాత ఆయనే విచారించాడు. అసలైన కవిత్వం అర్థం కాకముందే మనకు చేరుతుందన్నది ఆయన మాటే, డాంటే మీద 1929లో రాసిన వ్యాసంలో అన్నాడు. ఇది పాశ్చాత్యుల వింత అనుకోకండి. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడనే ఆలంకారికుడు రసధ్వనిని, అంటే రసం సూచనగా మనసుకు అందడాన్ని, ‘అసంలక్ష్యక్రమం’ (వరుస కనిపించనిది) అన్నాడు. వాచ్యం (పైకి చెప్పిన అర్థం) నుంచి వ్యంగ్యానికి (లోపల సూచించిన అర్థానికి) మెట్లు ఉన్నాయి, కానీ ఎక్కుతున్నట్టు తెలియదు. ఆ ఆరు పాదాలు చదివి మీకు నిద్ర పట్టలేదు. తాత్పర్యం చెప్పలేనని రాసిన మనిషికే కదా నిద్ర పట్టనిది! కవిత మీకు చేరింది మాస్టారూ.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వద్దాం. ఆ ఆరు పాదాల్లో నాన్న ఎక్కడున్నాడో మళ్లీ చూడండి. అమ్మ ఉంది, ‘ఎవరో’ ఉన్నారు, ‘నేను’ ఉంది. నాన్న లేడు. మూడు గంటలు అన్న మాట చూడగానే మీ బడి, ఆ ఫోను, మీరు ఇంటికి పరుగెత్తిన దారి కవితలోకి వచ్చి కూర్చున్నాయి. రిచర్డ్స్ హెచ్చరించినది దీని గురించే. ఆ వేళ మీకు అలా గుర్తుండిపోవడం సహజం. కానీ మీ కుటుంబం తెలియని పాఠకుడికి అది మండే ఎండవేళ మాత్రమే, ఆ అర్థంతోనే అతనికి కవిత నిండుగా నిలుస్తుంది. మీకు వినిపించిన ‘నన్నేనా?’ అన్న మాట ఆ కాగితం మీద లేదు.

ఉన్నది ‘నేను’. ఆ ‘నేను’ మీ అమ్మాయే అని కూడా వెంటనే తీర్మానించకండి. ఆధునిక కవి ఆలూరి బైరాగి ‘నూతిలో గొంతుకలు’ కావ్యంలో షేక్స్పియర్ హామ్లెట్, భారతంలోని అర్జునుడు, దోస్తోయెవ్‌స్కీ నవల నాయకుడు రాస్కల్నికోవ్ మాట్లాడతారు. అక్కడ ‘నేను’ అన్నప్పుడల్లా బైరాగి అని చదివితే పుస్తకం పాడవుతుంది. అయినా నిజాయితీగా చెప్పాలి: తల్లిని పోగొట్టుకున్న అమ్మాయి అమ్మ మీద రాసిన కవితలో ఆమె జీవితం లేదని నేను అనలేను. ఉంటే గింటే, రెండు అన్వయాలూ ఆమె మీదికే తిరుగుతున్నాయి. అమ్మను పిలవలేకపోయింది నేను అన్న బాధ ఒకటి. నాకు ఎవరూ చెప్పలేదు అన్న బాధ రెండోది. మీ ఉత్తరంలో మీరే రాశారు, అసలు విషయం చెప్పకుండా తీసుకొచ్చామని. మన ఇళ్లలో అందరూ అదే చేస్తారు, దారిలో పిల్ల తట్టుకోలేదన్న ప్రేమతోనే చేస్తారు. ఆ పిల్లకు మాత్రం ఇల్లు చేరేదాకా అమ్మ బతికే ఉంది. ఆ ప్రయాణం ఆమె మనసులో ఏమై మిగిలిందో మీరెప్పుడైనా అడిగారా? ఇది కవితకు సరైన అర్థమని నేను తేల్చడం లేదు. మీరు లోపలికి తెచ్చుకున్న కథ కంటే ఇది ఆ మాటలకు దగ్గరగా ఉందని మాత్రం చెప్పగలను. ఆ మధ్యాహ్నం ఆమె కూడా అక్కడ లేదు, మీలాగే.

ఇక ఆమెతో మాట్లాడే విషయం. “ఇది నా గురించేనా?” అని అడగవచ్చు. అడిగితే జవాబు వస్తుంది, కానీ ఏ కవికైనా ఆ ప్రశ్న వినగానే సంజాయిషీ ఇవ్వాలనిపిస్తుంది. కాదని చెప్పి మిమ్మల్ని ఊరడిస్తుంది, మీరు నమ్మరు. అసలు అడగకుండా ఊరుకోవచ్చు. అప్పుడు సభ సాఫీగా జరిగిపోతుంది, మీ నిద్ర సంగతి మాత్రం తేలదు. మూడో దారి, చదివిన పాఠకుడిగా అడగడం: “అమ్మా, చివరి పాదాన్ని నేను రెండు విధాలుగా అన్వయించాను, దండెం తడి దగ్గర ఆగిపోయాను.” నాకు ఈ దారి మీద నమ్మకం ఎక్కువ. ఎందుకంటే కొత్తగా పుస్తకం వేసిన కవికి ‘బాగుంది’ అన్న మాట అందరూ ఇస్తారు, పాదం పాదం ఆగి చదివినవారు దొరకరు. ఫోనులో ఆమె నొచ్చుకున్నది మీకు నచ్చలేదని కాకపోవచ్చు, చదవలేదనుకుని కావచ్చు. అయితే ఇలా మొదలుపెడితే సంభాషణ ఆ రోజు మధ్యాహ్నం దాకా పోవచ్చు. దానికి సిద్ధపడి, తీరిక చూసుకుని, వీలైతే ఎదురుగా కూర్చుని మాట్లాడండి. సభ రోజు ఉదయం మాత్రం వద్దు.

సభ విషయంలో స్నేహితుడి ప్రసంగం చదవడం అన్నిటికన్నా సులువు. సభికులు మెచ్చుకుంటారు కూడా. కానీ మీ వాక్యం ఎలా ఉంటుందో మీ అమ్మాయికి పుట్టినప్పటి నుంచి తెలుసు. మొదటి నిమిషంలోనే పట్టుకుంటుంది, రెండోసారి నొచ్చుకుంటుంది. ఆరోగ్యం బాగాలేదని తప్పుకోవచ్చు, దానివల్ల వెంటనే నష్టం లేదు. అంకితం తీసుకున్నవారు వేదిక మీద లేకపోతే వచ్చే ఖాళీ మాత్రం మిగులుతుంది. పుస్తకం మొత్తం మీద మాట్లాడే బాధ్యత ఇతర వక్తలకు వదిలేసి, మీరు ఒకే ఒక్క కవిత తీసుకోవచ్చు. ఆ కవితను నిదానంగా పైకి చదవండి. పద్యం చదివి చదివి పదునెక్కిన గొంతు మీది. వచన కవితకు సభల్లో అలాంటి గొంతు చాలా అరుదుగా దొరుకుతుంది. ఆ తర్వాత మీకు ఏది అందింది, ఏది అందలేదు అన్నది ఉన్నదున్నట్టు చెప్పవచ్చు. ఇందులో కొంత సాహసం ఉంది. తెలుగు మాస్టారికే అర్థం కాలేదట అని వెనక వరుసలో ఎవరైనా అనవచ్చు. అననివ్వండి. అమ్మ కవితను మాత్రం, అమ్మాయితో ముందు మాట్లాడకుండా సభలో ఎత్తవద్దు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కూతురు రాసింది కాబట్టి అన్నీ గొప్పవే కానక్కరలేదు. అర్థం కాని ప్రతిదీ లోతైనది కాదు. చేతకాక చిక్కుపడిన కవితలు చాలా అచ్చవుతున్నాయి, వాటిని చూసి మీలాంటివారు మొత్తం కవిత్వానికే దూరమవుతున్నారు. తేడా కనిపెట్టడానికి నేను చేసే పని ఒకటుంది. పాదాల వరుస మార్చి చూస్తాను. ఏమీ మారకపోతే అక్కడ కట్టడం లేదన్నమాట. మీ అమ్మాయి కవితలో తాళంచెవి పాదాన్ని చివరికి జరిపి చూడండి, పిలవలేకపోయానన్న అన్వయం బలహీనపడిపోతుంది. అంటే ఆమె ఆ పాదాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టింది. మిగతా కవితలను కూడా ఇలాగే చూడండి, తేలిపోయేవి తేలిపోతాయి. అలాంటివి కనిపిస్తే సభ అయ్యాక, ఆమె అడిగినప్పుడు చెప్పండి.

పుస్తకాన్ని మళ్లీ చదివేటప్పుడు ముందుమాటలు చివర చదవండి. మన సంపుటాలకు రెండు మూడు ముందుమాటలు ఉంటాయి, అవి మీకంటే ముందే తాత్పర్యం రాసిపెడతాయి. రోజుకు ఒక కవిత మించి వద్దు. నచ్చినదాన్ని చేత్తో ఎత్తి రాయండి. రాస్తుంటే పాదం ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో చేతికి తెలుస్తుంది. తాళంచెవి, దండెం ఇతర కవితల్లో కూడా వచ్చాయేమో చూసి పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఒక కవితలో మూసుకున్న ప్రతీక ఇంకో కవితలో తెరుచుకోవడం సంపుటాల్లో తరచూ జరుగుతుంది.

పక్కన చదువుకోవడానికి ఏమైనా కావాలంటే, తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’తో మొదలుపెట్టండి. పద్యం చదివిన చెవికి అది పరాయిగా ఉండదు. తర్వాత ఇస్మాయిల్ ‘చెట్టు నా ఆదర్శం’. చిన్న కవితలు, ఒక్కో దృశ్యం, అన్వయానికి చక్కగా లొంగుతాయి. ఆపైన బైరాగి. భాషాశాస్త్రజ్ఞుడు చేకూరి రామారావు పత్రికలో రాసిన ‘చేరాతలు’ మీకు బాగా నచ్చుతాయని నా నమ్మకం. కొత్త కవులను వాక్యం దగ్గర పట్టుకుని చదివి చూపించారాయన. అజంతా ‘స్వప్నలిపి’కి కొంత ఓపిక కావాలి. వేగుంట మోహనప్రసాద్ ‘చితి–చింత’ ఇంకా కష్టం. దానికి తొందరేమీ లేదు, సభ అయ్యాక అమ్మాయితో కలిసి చదవండి.